రెండుకు ఒక మెలిక

మా షాపులో లెక్కలు టైపు చేసే సుకన్య ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు తప్పింది. ఈ సంగతి దాచుకోదు సరికదా, థీసిస్ పట్టుకొచ్చిన పీహెచ్‌డీ వాళ్ళు కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే చెప్పేస్తుంది. వాళ్ళ మొహాలు మారడం చూడటం ఆమెకో సరదా. నాకు ఒళ్ళు మండేది. ఒకరిద్దరు కాగితాలు చంకన పెట్టుకుని పక్క షాపుకి వెళ్ళిపోయారు కూడా. నెల తిరక్కుండా వెనక్కి వచ్చారు, అది వేరే సంగతి.

షాపు నాది. పేరు రవికాంత్, ఊరు గుడివాడ వైపు. ఇరవై రెండేళ్ళుగా అమీర్‌పేటలో జిరాక్సు, బైండింగు, టైపింగు. మైత్రీవనం దాటాక ఒక సందు మొదట్లో, మెయిన్ రోడ్డుకి ఎదురుగా ఉంటుంది షాపు. పైన లేడీస్ హాస్టలు, పక్కన కంప్యూటర్ కోర్సుల కోచింగు. ఇలాంటి షాపులు ఆ సందులో ఇంకో పది ఉన్నాయి. లెక్కల టైపింగు మాత్రం మా దగ్గరే, అంటే సుకన్య దగ్గరే. ఆమె సెలవు పెడితే ఆ పని ఆగిపోతుంది. నేను సెలవు పెడితే ఏమీ ఆగదు.

2006లో బోరబండ నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న రాజనర్సయ్య సనత్‌నగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. జిరాక్సు దగ్గర నిలబడటానికి మనిషి కావాలంటే కూతుర్ని తీసుకొచ్చి అప్పజెప్పాడు. ఆ ఏడే నా ఆపరేటర్ మానేసి వెళ్ళిపోయాడు. లెక్కల గుర్తులకి వాడే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌ని, ఎవరో రీసెర్చి స్కాలర్ మర్చిపోయి వెళ్ళిన పుస్తకం ముందు పెట్టుకుని సుకన్య మూణ్ణెల్లలో నేర్చేసుకుంది. గుర్తులకి పేర్లు తనే పెట్టుకుంది. ఇంటెగ్రల్ అంటే పాము. అనంతం కళ్ళజోడు. సై త్రిశూలం. ఫై అనే గ్రీకు అక్షరం సూది గుచ్చిన సున్న. ప్రొఫెసర్లతో కూడా ఈ పేర్లతోనే మాట్లాడేది. మూడో పేజీలో పాము కింద సున్న మర్చిపోయారు సార్ అంటే, పెద్ద పెద్దవాళ్ళు గబగబా పేజీ తిప్పి చూసుకునేవాళ్ళు. మర్చిపోయే ఉండేవాళ్ళు.

ఆమె పెట్టిన పద్ధతి ఇంకొకటి ఉంది. టైపు అయ్యాక స్క్రీను చూసి తను గట్టిగా చదువుతుంది. రాసినాయన తన చేతిరాత మీద వేలు పెట్టుకుని వింటాడు. ప్రతి లైనుకీ ఆయన "సరి" అనాలి. అనకపోతే ఆమె తర్వాతి లైనుకి పోదు. ఎంత తొందరలో ఉన్న మనిషైనా ఆ కుర్చీలో కూర్చుని బడిపిల్లాడిలా సరి, సరి అనాల్సిందే. అంతా అయ్యాక రిజిస్టర్లో తేదీ వేసి "చదివినాము" అని రాస్తుంది. చేతిరాత కాగితాలు మూటగట్టి అటక మీదకి ఎక్కిస్తుంది, పదేళ్ళయినా నన్ను పారేయనివ్వదు.

ఆ కుర్చీలో అందరికంటే ఎక్కువసార్లు కూర్చున్నది కామరాజుగారు. తెనాలి మనిషి, ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు అమీర్‌పేటలో ఎంసెట్ లెక్కలు చెప్పి, రిటైరై పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో ఉంటున్నారు. ఆయన దగ్గర చదువుకున్న ఇంజనీర్లు ఊరి నిండా ఉన్నారు. ఆయనకి మాత్రం అది లెక్కల్లో పని కాదు, పొట్టకూటి పని. అసలు పని ఇంట్లో తెల్లవారుజామున చేసుకునేవారు. క్యూ అనే అక్షరం నిండా ఉన్న పొడుగాటి కూడికలు. నాకు ఒకసారి కాఫీ తాగుతూ చెప్పారు. ప్రతి బేసి సంఖ్యకీ ఒక ఫై ఉంటుందట. ఈ కూడికని ఆ ఫైతో భాగిస్తే శేషం లేకుండా పోతుందట. వచ్చినదాన్ని మళ్ళీ భాగిస్తే మళ్ళీ పోతుందట. మూడోసారి కూడా పోతుందని ఆయన ఊహ. ఊహ అంటే మనం అనుకునే ఊహ కాదు, ఎన్నిసార్లు చూసినా నిజమే అవుతూ, ఎందుకు నిజమో ఎవరూ రుజువు చేయలేని మాట. రెండుసార్లు పోతుందని ఈమధ్య కొందరు రుజువు చేశారు. మూడోసారి సంగతి ఎవరికీ చిక్కలేదు.

ఆ మూడోసారే ఆయన ఆస్తి. ఎక్కడా అచ్చు కాలేదు. పేరులేని రిటైర్డు ట్యూషను మాస్టారి ఊహని ఏ పత్రిక వేసుకుంటుంది? టైపు కాపీలు తీసి కనపడిన ప్రొఫెసరుకల్లా ఇచ్చేవారు. రెండేళ్ళ కిందట ఒక మేడం చదివి, తన స్టూడెంటు భార్గవ్‌కి అప్పజెప్పింది. వాళ్ళు కంప్యూటర్లో రెండు వందల దాకా చూశారు, ఎక్కడా తప్పలేదు. అప్పట్నించీ కామరాజుగారు నిటారుగా నడవడం మొదలుపెట్టారు.

షాపుకొచ్చిన కొత్తవాళ్ళ ముందు సుకన్య ఆయన్ని చూపించి అనేది, కామరాజు సార్ పేపర్ల నాది ఒక్క తప్పు లేదు, కావాలంటే అడుగుండ్రి అని. ఆయన నవ్వి ఊరుకునేవారు. లేదని ఏనాడూ అనలేదు. అవునని కూడా అనలేదు, నేనే గమనించుకోలేదు.

పోయిన ఏడు ఆగస్టులో ఒక గురువారం, పదకొండు గంటలకి భార్గవ్ షాపుకి వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. విదేశంలో ఇద్దరు ఇంటర్నెట్‌లో ఒక పేపరు పెట్టారట, అందులో సారు ఊహ మక్కీకి మక్కీ ఉందట, ఫై మీద మూడు ఘాతంతో, అంటే మూడుసార్లు పోతుందన్న మాటతో సహా. 2019లో మేం గమనించాం అని రాసుకున్నారట. దొంగతనం కాదు, వాళ్ళకీ విడిగా తట్టి ఉండొచ్చు, కానీ రేపు అది అచ్చుకి వెళ్ళిపోతోంది. కామరాజుగారు 2013లోనే అన్నారని మేడం ఇవాళ నాలుగింటిలోపు సాక్ష్యం పంపగలిగితే ఆయన పేరు వేస్తారు. లేకపోతే ఆ ఊహ ఇక వాళ్ళది.

"టైపు కాపీ పనికిరాదండి. నిన్న కొట్టినా అలాగే ఉంటుంది. సార్ చేతిరాత కావాలి. ఆయన ప్రతి పేజీకీ తేదీ వేస్తారు కదా" అన్నాడు.

ఫైలు చూపిద్దామంటే ఆ కాలం హార్డ్ డిస్కు ఎప్పుడో చచ్చింది. సుకన్య ఏమీ తడబడలేదు, చేతిరాత అటక మీద ఉంటుంది, మూడింటికి రా అని అతన్ని పంపేసింది. ఆ క్షణంలో ఆమె మొహంలో గర్వం చూశాను. పారేస్తానంటే పారేయనియ్యలే సూడు అన్నట్టు నా వైపు ఒక చూపు కూడా పారేసింది.

రిజిస్టర్లో 2013 ఆగస్టు 22 దొరికింది. ఆ రోజు మా ఇద్దరికీ గుర్తే. మెట్రో కోసం రోడ్డంతా తవ్వి ఉండేది, కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయేది. ప్రింటు తీయడం, కరెంటు పోవడం ఒకేసారి అయ్యాయి. చదవడం కుదరలేదు. సారు ప్రింటు పట్టుకెళ్ళారు, చేతిరాత ఎప్పటిలాగే షాపులో ఉండిపోయింది. రెండు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేసి అంతా సరిగ్గా ఉంది, చదవక్కర్లేదు అన్నారు. "చదివినాము" అని ఉండాల్సిన చోట సుకన్య "ఫోన్ల ఓకే" అని రాసింది. పద్దెనిమిదేళ్ళ రిజిస్టర్లలో అలాంటి మాట అదొక్కటే.

మూట దించి, దుమ్ము దులిపి, ఒంటిగంటకల్లా కాగితం బయటికి తీశాం. నీలం బాల్ పెన్ను, వంగిన చేతిరాత, మూల మీద తేదీ. నేను భార్గవ్‌కి ఫోన్ చేసి దొరికిందని చెప్పేశాను. చెప్పి ఇటు తిరిగేసరికి సుకన్య కాగితం కాదు, మానిటర్ అంచున అతికించిన పట్టిక చూస్తోంది.

ఆ పట్టిక సంగతి చెప్పాలి. కామరాజుగారి నాన్న కరణం. ఈయనకి తెలుగు అంకెలు అలా అబ్బాయి. క్యూ మీద ఘాతాలు మామూలు అంకెల్లో, ఫై మీద ఘాతం మాత్రం తెలుగు అంకెలో వేసేవారు, రెండూ కలిసిపోకుండా. ఇప్పటివాళ్ళకి ఆ అంకెలు పంచాంగంలో కూడా కనిపించవు. అందుకని ఒకటి నుంచి పది దాకా రాసి, పక్కన మామూలు అంకెలు వేసి, ఆయనే తెచ్చి అతికించారు. ఎప్పుడు తెచ్చారంటే, ఆ 2013లోనే, ఈ పని అయిన వారానికి. ఎందుకైనా మంచిదమ్మా అన్నారు.

"అన్నా, జర ఇటు చూడు. ఫై మీద ఏమున్నది?"

చూశాను. ౨ ఉంది. చేతిరాతలో ౨కీ ౩కీ తేడా ఒక్క మెలిక. ఆ మెలిక అక్కడ లేదు.

"గిది రెండు. నేను మూడు కొట్టిన."

నాకు విషయం వెంటనే ఎక్కలేదు. సారు అన్నది రెండుసార్లు పోతుందని. రెండుసార్లు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, రుజువై కూర్చుంది. మూడు అన్నది సారు కాదు. సుకన్య వేలు. ఆ అంకెలు అప్పటికి ఆమెకి సరిగా రావు, చూచాయగా మూడులా కనబడింది, కొట్టేసింది. ఆయన ఆ టైపు కాపీ పట్టుకుని, అది తన మాటే అనుకుని పదకొండేళ్ళు దాని మీద బతికారు. ఇప్పుడీ కాగితం బయటపెడితే వాళ్ళకి కావలసిన సాక్ష్యం దొరుకుతుంది, కాకపోతే తిరగబడి.

సుకన్య నీళ్ళు తాగింది. తప్పు కొట్టడం ఆమెకి చిన్న విషయం కాదు. ఒకసారి ఎవరి థీసిస్‌లోనో మైనస్ ఎగిరిపోతే రెండు రోజులు అన్నం తినలేదని వాళ్ళాయన మహేశ్ నా మీదకి గొడవకొచ్చాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవాలి. చెప్పకుండా ఆమె కథ చెప్పడం అన్యాయం. టేబుల్ మీద నీలం బాల్ పెన్ను ఉంది. తీసి ఆమె ముందు పెట్టాను.

"ఒక్క మెలికే కదా సుకన్యా" అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. పెన్ను తీసుకుంది. పక్కనున్న పాడైపోయిన జిరాక్సు కాగితం వెనక ౨ వేసి, దానికి మెలిక కలిపింది. మళ్ళీ వేసింది. నాలుగోసారికి అది సారు చెయ్యే. పద్దెనిమిదేళ్ళుగా ఆయన రాతని చూస్తున్న చెయ్యి కదా. నాకు ఆశ పుట్టింది. ఎవరికి నష్టం అని వాదించాను. పెద్దాయన పోయే కాలంలో ఆయన పేరు ఒక పుస్తకంలో పడుతుంది, అది నిజానికి దగ్గరే కదా, టైపు కాపీ 2013దే కదా, అబద్ధమల్లా ఒక్క మెలిక. భార్గవ్ ఫోన్ మోగింది. తీయలేదు. టైము రెండు పది. మళ్ళీ మోగింది.

ఆమె అసలు కాగితం మీదకి పెన్ను తీసుకొచ్చింది. మొన ౨ తోకకి ఆనబోతోంది. బయట ఎవరో జిరాక్సు అంటే కసిరి పంపేశాను.

అలా ఎంతసేపుందో తెలీదు. తర్వాత పెన్ను మూత పెట్టి, కాగితం ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి, సంచీ భుజాన వేసుకుంది. ఎక్కడికంటే చెప్పలేదు. నేను షట్టరు సగం దించి వెంటపడ్డాను. మెట్రోలో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషను. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఎన్ని చెప్పానో. సారు గుండె ఆగిపోతుంది అన్నాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి ఇంకేం మిగులుతుంది అన్నాను. నీ పేరు కూడా పోతుంది, రేపట్నుంచి లెక్కలెవరిస్తారు అన్నాను. తలుపుల దగ్గర కడ్డీ పట్టుకుని ఒక్కటే మాట అంది.

"సార్ కాయితం అన్నా. సార్‌కి తెల్వకుండ నేనెట్ల దిద్దుత?"

ద్వారకాపురి కాలనీలో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. తలుపు తీసింది ఛాయాదేవిగారు, ఆయన భార్య. మా మొహాలు చూసి ఏంటని అడగబోయి మానేసి పక్కకి తప్పుకున్నారు. కామరాజుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చుని ఉన్నారు. మేడం వీడియో కాల్ చేస్తుందేమోనట. టీపాయ్ మీద ఫోన్, దాని పక్కన గ్లాసుతో నీళ్ళు. ఆ చొక్కా చూడగానే నాకు వెనక్కి వెళ్ళిపోదామనిపించింది.

సుకన్య కూర్చోలేదు. ఫోల్డర్ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"సార్, మీరు రాసింది రెండు. నేను మూడు కొట్టిన. పదకొండేండ్ల సంది మీరు నా తప్పు మీద కూసున్నరు."

ఛాయాదేవిగారు వంటింటి గుమ్మంలో ఆగిపోయారు.

ఆయన కాగితం దగ్గరగా పెట్టుకుని చూశారు. ఫై మీద వేలితో తడిమారు. తర్వాత నా వైపు చూశారు.

"దీన్ని ఎవరూ ముట్టుకోలేదు కదా" అన్నారు.

నేను తల దించుకున్నాను. లేదు సార్ అని సుకన్యే చెప్పింది.

ఆయన లేచారు. గుండె పట్టుకుంటారేమోనని నేను సగం లేచాను. ఆయన నన్ను దాటుకుని గోడ బీరువా దగ్గరికి వెళ్ళి, అడుగు అరలోంచి ఒక అట్ట ఫైలు తీసి, అందులోంచి ఒకే ఒక్క కాగితం తీసి సుకన్య చేతికిచ్చారు. మా షాపు ప్రింటే. ఆ రోజు కరెంటు పోయే ముందు వచ్చిన మొదటి ప్రింటు. అందులో ఫై మీద ఉన్న 3 చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి ఉంది. పక్కన అదే వంగిన చేతిరాతలో, "తప్పు. ౨ ఉండాలి." కింద తేదీ, 24-8-2013. వెనక్కి తిప్పితే పెన్సిలుతో పైనుంచి కింది దాకా భాగహారాలు.

"నాకు మూడో రోజే తెలుసమ్మా" అన్నారు.

కూర్చుని, మా ఇద్దరినీ కాకుండా నేలని చూస్తూ చెప్పారు. ఆ రోజు ఉదయం ఇంట్లో తప్పు కనబడగానే కోపం వచ్చిందట. నిన్ను దులిపేద్దామనే బయల్దేరాను అన్నారు. బస్సు దిగి మా షాపు ఎదురు బస్టాపులో నిలబడితే రోడ్డు దాటడానికి లేకుండా తవ్వేసి ఉంది. అక్కడ కూర్చుని, ఎదురుగా స్క్రీను ముందున్న సుకన్యని చూస్తూ, ఈ పిల్ల ఎంత తప్పు కొట్టిందో చూపిద్దామని మూడు తీసుకుని వేశారట. ఎన్ అంటే బేసి సంఖ్య, అది మూడు అనుకుని. మూడోసారి శేషం మిగలాలి. శేషం లేకుండా పోయింది. లెక్క తప్పానేమోనని మళ్ళీ వేశారు. పోయింది. ఇంటికొచ్చి అయిదుకి వేశారు. అది సాయంత్రం దాకా పట్టింది. అది కూడా పోయింది. ఏడుకి వారం పట్టింది.

"అయిదుకి పోగానే నీకు ఫోన్ చేసి అంతా సరిగ్గా ఉంది అన్నాను. అది అబద్ధం కాదు కదా అని సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నీ పేరు చెప్పాలి. జీవితమంతా లెక్కలు చేసినవాడికి తట్టనిది టైపిస్టు తప్పు కొడితే దొరికిందని ఎవరితో చెప్పుకోను? సిగ్గేసింది."

సుకన్య మొహం ఎర్రబడింది. ఆమెకి కోపం రావడం నేను చాలాసార్లు చూశాను, అన్నీ నా మీదే. ఇలాంటి కోపం చూడలేదు.

"నాది ఒక్క తప్పు లేదని అందరి ముందట చెప్పుకుంట తిరిగిన సార్. మీరు ఇని నవ్విండ్రు. పట్టిక తెచ్చి అతికిచ్చిండ్రు గానీ నోరిప్పి చెప్పలే. ఇయ్యాల పొద్దుగాల సంది నేను సచ్చి బతికిన."

ఆయన చేతులు జోడించలేదు, క్షమించమని అనలేదు. "తప్పు నాదే" అన్నారు. అంత చిన్నగా అన్నారంటే గుమ్మంలో ఉన్న ఛాయాదేవిగారికి వినబడి ఉండదు.

ఇంతలో భార్గవ్ మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. షాపు సగం మూసి ఉండటం చూసి ఇక్కడికి పరిగెత్తాడట. మూడు ఇరవై అయింది. చేతిరాత చూశాడు, మొహం పాలిపోయింది. అప్పుడు కామరాజుగారు సుకన్య చేతిలోని ఎర్రసిరా కాగితం తీసుకుని అతనికిచ్చి, జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కల్లో చెప్పారు. ఏదీ దాచలేదు.

భార్గవ్ ముందూ వెనకా తిప్పి చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, ఇదే సాక్ష్యం సార్ అని. చేతిరాత రెండు అంటోంది. 2013లో మూడు అనే మాట భూమ్మీద ఉన్నది ఈ ఒక్క కాగితం మీదే, తేదీతో, వెనక లెక్కలతో. దొంగ సాక్ష్యం పుట్టించేవాడెవడూ దాని మీద తప్పు అని రాసుకోడు. మేడం నమ్ముతుంది, వాళ్ళూ నమ్ముతారు.

"కాకపోతే ఇది పంపితే ఇదంతా చెప్పాలి సార్" అన్నాడు.

కామరాజుగారు ఆ కాగితం వైపు చూశారు. తన చేత్తో తనే తప్పు అని రాసిన కాగితం. అది పంపితే మూడు ఆయనది కాదు, సగమే ఆయనది. పంపకపోతే ఏమీ లేదు. గడియారం మూడున్నర దాటింది. నేను ఆయన చొక్కా గుండీలే చూస్తూ కూర్చున్నాను. మా షాపులో మెలిక పెట్టి ఉంటే ఈయన మొత్తం తనదే చేసుకుని నిటారుగా నడిచేవారు కదా అని నాకు అప్పుడు కూడా అనిపించింది. నా బుద్ధి అంతే.

"స్కాన్ చెయ్యి బాబూ. ఉత్తరం నేను చెబుతాను. సుకన్య కొడుతుంది" అన్నారు.

ఆమె కదల్లేదు. ఆయన అడిగారు, ఆజ్ఞలా కాదు. "కొడతావా అమ్మా?"

భార్గవ్ లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. సుకన్య కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంగ్లీషు ఉత్తరం, ఆయన చెబుతున్నారు, ఆమె కొడుతోంది. 2013 ఆగస్టు 22న నేను రెండు ఘాతంతో ఒక ఊహ రాశాను. టైపు చేసినవారు దాన్ని మూడుగా కొట్టారు. ఆ మూడు నిజమవుతోందని నేను 24న గమనించాను. కనుక ఈ ఊహ మా ఇద్దరిది. అక్కడ ఆగారు.

"నీ పూర్తి పేరేంటమ్మా?"

ఆయనకి తెలీదు. అది సరే. ఆయన నా వైపు చూశారు, నాకూ తెలీదు. పద్దెనిమిదేళ్ళు. ప్రతి పండక్కీ వాళ్ళింట్లో భోంచేశాను. రిజిస్టర్లో, వోచర్లో, ఫోన్లో, అన్నింటా సుకన్యే. ఇంటిపేరు ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ పూట నేను చాలా విషయాల్లో సిగ్గుపడాల్సింది, ఈ ఒక్కదానికే పడ్డాను.

ఆమె చెప్పలేదు. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని ఒక మాట అడిగింది.

"ఇది నిజమో కాదో ఇంక ఎవరికీ తెల్వదు గద సార్. రేపెవరన్నా తప్పని తేలిస్తే? అప్పుడు సుత నా పేరు ఉంటదా?"

"ఉంటుంది. అప్పుడు తప్పు కూడా ఇద్దరిదే" అన్నారాయన.

ఆమె తల ఊపి కొట్టింది. మూడు నలభై ఏడు. భార్గవ్ పంపేద్దామని చెయ్యి చాచాడు. సుకన్య లాప్‌టాప్ తన వైపుకి జరుపుకుంది.

"చదవకుండ పంపొద్దు. ఆ రోజు చదవలే" అంది.

భార్గవ్ గడియారం చూపించాడు. ఆమె పట్టించుకోలేదు. గట్టిగా చదవడం మొదలుపెట్టింది, చుక్కలూ కామాలూ సహా. కామరాజుగారు పాత చేతిరాత మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. లైను లైనుకీ సరి అంటున్నారు. ఊహ ఉన్న చోటికి వచ్చింది. సూది గుచ్చిన సున్న, కింద ఎన్, బ్రాకెట్లో క్యూ, పైన మూడు అని చదివి ఆగింది. ఆయన వేలి కింద ౨ ఉంది. ఆయన చూస్తూ ఉండిపోయారు. భార్గవ్ నోరు తెరవబోతే నేను భుజం పట్టి ఆపాను. ఆయన సరి అనకపోతే ఆమె ముందుకి పోదు, అది మాకు తెలుసు.

"సరి" అన్నారు కామరాజుగారు, పదకొండేళ్ళకి.

ఆమె ముందుకి పోయింది. చివరి లైను. ఆయన పేరు చదివింది, సరి అన్నారు. తర్వాత "ఎర్రోళ్ల సుకన్య" అని చదివింది. ఆయన వేలు పెట్టుకోవడానికి ఆ కాగితంలో ఆ పేరు లేదు. నేను చెబుదామంటే ఆ పేరు అప్పుడే మొదటిసారి విన్నాను. ఎవరం ఏమీ అనలేదు.

సుకన్య ఒక్క క్షణం చూసి, తనే సరి అని, లాప్‌టాప్ భార్గవ్ వైపుకి తిప్పింది.